డార్విన్ రాకముందే టెన్నిసన్‌కు, ప్రకృతికి మనిషి పట్టడన్న భయం ఎక్కణ్ణించి వచ్చింది? (విక్టోరియా కాలపు సైన్సు, సాహిత్యం)

శిలాక్షరం · శనివారం ఉదయం 7:10

పీజీలో విక్టోరియా యుగం చెప్పేవాళ్లందరికీ ఈ వాక్యం తెలుసు. గైడ్లలో ఏటా అచ్చవుతూనే ఉంటుంది: 1859లో డార్విన్ 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' పుస్తకం వచ్చింది, దాంతో కవుల విశ్వాసం కూలిపోయింది. పిల్లలు పరీక్షలో అదే రాస్తారు, మనం మార్కులు వేస్తాం. తేదీలు చూస్తే మాత్రం ఈ కథ నిలబడదు.

ఆ కాలపు కవి టెన్నిసన్ కావ్యం 'ఇన్ మెమోరియమ్' అచ్చయింది 1850లో. అంటే డార్విన్ పుస్తకానికి 9 ఏళ్ల ముందు. ప్రాణస్నేహితుడు ఆర్థర్ హాలమ్ 1833లో, 22 ఏళ్ల వయసులో వియన్నాలో హఠాత్తుగా పోయాడు. ఆ దుఃఖంలో దాదాపు 17 ఏళ్లు రాసుకుంటూ వచ్చిన కావ్యం అది. ప్రకృతి కోరలకీ గోళ్లకీ నెత్తురు అంటి ఉందన్న ప్రసిద్ధమైన మాట అందులో 56వ ఖండికలోది. దాన్ని డార్విన్ ప్రభావం కింద రాసేయడం ఎంత అన్యాయమో చూడండి.

మరి అదెక్కడిది? భూగర్భశాస్త్రవేత్త చార్లెస్ లయెల్ 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ' 1830-33 మధ్య మూడు సంపుటాలుగా వచ్చింది. టెన్నిసన్ 1837 ప్రాంతంలో దాన్ని లోతుగా చదివాడు. ఈరోజు మన కళ్లముందు పనిచేస్తున్న వాన, ఏరు, అల, అగ్నిపర్వతం, ఇవే తగినంత కాలం దొరికితే కొండల్ని లేపుతాయి, అరగదీస్తాయి అన్నది లయెల్ వాదం. రెండో సంపుటంలో జాతులు ఎలా అంతరిస్తాయో చర్చించాడు.

ఇప్పుడు 55, 56 ఖండికల్ని పక్కపక్కన పెట్టి చదవండి. 55లో కవి, ప్రకృతికి ఒక్కో ప్రాణి మీద పట్టింపు లేకపోయినా జాతిని మాత్రం కాపాడుకుంటుంది కదా అనుకుంటాడు. హాలమ్ పోయాడు సరే, మనిషి జాతి ఉంటుంది అన్న చిన్న ఓదార్పు. 56 మొదటి పాదంలోనే దాన్ని తనే కొట్టేస్తాడు. నిట్టనిలువు కొండచరియల్లోంచి, తవ్వి తీసిన రాళ్లలోంచి ప్రకృతి అరుస్తుంది: వెయ్యి జాతులు పోయాయి, నాకేం పట్టదు, అన్నీ పోతాయి. ఆ అరుపు రాతి పొరల్లోంచి వస్తోంది చూశారా? శిలాజాలు బయటపడే చోటు అది. 123వ ఖండికలో చెట్టు మొలిచిన చోట సముద్రం పొర్లుతుంది, జనంతో హోరెత్తే వీధి ఉన్న చోట ఒకప్పుడు నడిసముద్రపు నిశ్శబ్దం ఉండేదంటాడు. లయెల్ పేజీలు ఛందస్సులోకి వచ్చినట్టే ఉంటుంది.

ఆ కాలంలో సైన్సు, సాహిత్యం ఒకదాని వెనక ఒకటి నడవలేదు, ఒకే గదిలో కూర్చున్నాయి అని నా అభిప్రాయం. మీరేమంటారు?

నీలిసిరా · శనివారం ఉదయం 9:32

శిలాక్షరం గారూ, తేదీల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ లయెల్‌కి ఎక్కువ ఇచ్చేస్తున్నారు. ఆ పుస్తకం వేలమంది చదివారు, ఒక్కరే 'ఇన్ మెమోరియమ్' రాశారు. హాలమ్ చావు లేకపోతే టెన్నిసన్‌కి శిలాజం శిలాజంగానే ఉండిపోయేది. పైగా 1830లలో లయెల్ ఒక జాతి ఇంకో జాతిగా మారుతుందన్న మాటనే ఒప్పుకోలేదు, అలా మారుతుందన్న ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్‌ని అదే రెండో సంపుటంలో ఖండించాడు. సైన్సు కవికి మాటలిచ్చింది, అంతే. భయం కవిదే. మన ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లలో ఈ మధ్య ప్రతి పద్యానికీ వెనకాల ఒక సైన్సు పుస్తకం వెతకడం అలవాటైంది, పద్యాన్ని పద్యంగా చదవడం తగ్గిపోతోంది.

అచ్చుయంత్రం · శనివారం ఉదయం 11:05

మీ ఇద్దరికీ మధ్య నిలబడి ఒక మాట. ఎవరు ఏది చదివారన్నది ఊహించక్కర్లేకుండా ఆధారం దొరికే సందర్భం ఒకటుంది.

1844 అక్టోబరులో 'వెస్టిజెస్ ఆఫ్ ది నేచురల్ హిస్టరీ ఆఫ్ క్రియేషన్' అనే పుస్తకం రచయిత పేరు లేకుండా వచ్చింది. నక్షత్ర ధూళి నుంచి మనిషి దాకా అంతా క్రమంగా ఎదిగిందే అంటుంది. ప్రిన్స్ ఆల్బర్ట్ దాన్ని విక్టోరియా రాణికి చదివి వినిపించాడు. పండితులు మండిపడ్డారు, జనం ఎగబడి కొన్నారు. నవంబరులో టెన్నిసన్ ఒక పత్రికలో దాని సమీక్ష చూసి, ఆ పుస్తకం తెప్పించి పంపమని తన ప్రచురణకర్త మాక్సన్‌కి ఉత్తరం రాశాడు. అందులో ఒక మాట ఉంది: ఈ ఊహలు నాకు ఏళ్లుగా పరిచయమే, వీటి మీద ఒకటికి మించి పద్యాలు రాశాను కూడా. నీలిసిరా గారూ, ఇది మీ వాదానికే బలం. కవి సైన్సు పుస్తకం కోసం కాచుకుని కూర్చోలేదు, అప్పటికే ఆ ఆలోచనల్లో ఉన్నాడు. అయితే ఆ ఆలోచనలు గాల్లో ఉన్నాయంటే కారణం పుస్తకాలూ పత్రికలే. 118వ ఖండికలో మనిషి తనలోని కోతినీ పులినీ చావనిచ్చి పైకి ఎదగాలంటాడే, ఆ ఆశ డార్విన్‌లో దొరికేది కాదు, 'వెస్టిజెస్' లాంటి పుస్తకాలు పరిచిన బాటలోది.

రాసినాయన ఎడింబరో ప్రచురణకర్త రాబర్ట్ చేంబర్స్. ఆ సంగతి బయటి ప్రపంచానికి అధికారికంగా తెలిసింది 1884లో, ఆయన పోయిన 13 ఏళ్లకి. ప్రొఫెసర్ కాదు, పత్రికలు నడిపేవాడు. ఇది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

అచ్చు రంగంలో ఉన్నవాణ్ణి కాబట్టి నా కళ్లు అటే పోతాయి. బైరన్ కావ్యాలు, లయెల్ జియాలజీ, డార్విన్ పుస్తకం, మూడూ వేసింది ఒకే సంస్థ, లండన్‌లోని జాన్ మర్రే. డార్విన్ తొలి ముద్రణ 1,250 ప్రతులైతే అందులో 500 ప్రతులు మ్యూడీ అద్దె గ్రంథాలయం తీసుకుంది. అంటే నవలలు అద్దెకి తెచ్చుకునే ఇంటికే, అదే పెట్టెలో డార్విన్ కూడా వెళ్లాడు. అప్పటి పత్రిక ఒకటి తిరగేయండి: సీరియల్ నవల, దాని పక్కనే తోకచుక్కల మీద వ్యాసం. సైన్సు ఇంకా గణిత సూత్రాల వెనక దాక్కోలేదు, చదువుకున్న మనిషి ఎవరైనా చదవగలిగే వచనంలోనే ఉంది. ఈ పరిస్థితి లేకపోతే మనం మాట్లాడుకునే సంబంధం పుట్టేదే కాదు.

పావురాయి · శనివారం మధ్యాహ్నం 2:20

నేను ఎం.ఏ. రెండో ఏడు. సార్, టెన్నిసన్ అర్థమైంది. డికెన్స్‌కి సైన్సుతో సంబంధం ఉందా? మాకు పేదరికం, బాల కార్మికులు, కోర్టులు అనే చెప్పారు. సెమినార్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

శిలాక్షరం · శనివారం సాయంత్రం 5:48

ఉందమ్మా, చాలా ఉంది. 'బ్లీక్ హౌస్' మొదటి పేరా తెరిచి చూడు. 1852లో వచ్చింది. నవంబరు నెల, లండన్ వీధుల్లో బురద. భూమ్మీంచి జలాలు ఇప్పుడే వెనక్కి తీసినట్టుంది, హోల్బార్న్ కొండ మీద నలభై అడుగుల మెగలోసారస్ ఏనుగంత బల్లిలా తూలుతూ ఎదురైనా ఆశ్చర్యం లేదు అంటాడు. ఆ జంతువుకి విలియం బక్‌లాండ్ పేరు పెట్టింది 1824లో. దాన్నీ ఇంకొన్నిటినీ కలిపి డైనోసారియా అని రిచర్డ్ ఓవెన్ ఒక వర్గంగా చేసింది 1842లో. ఓవెన్ డికెన్స్‌కి స్నేహితుడు. పదేళ్లు నిండాయో లేదో ఆ సరికొత్త వర్గంలోని జంతువు ఒక కోర్టు నవల మొదటి పేజీలో, న్యాయస్థానం పక్క వీధిలో నడుస్తోంది. ఆ జంతువు అలంకారానికి రాలేదు. తరతరాలుగా కదలని దావా గురించిన నవల అది. కాలం చెల్లినా చావని భారీ శరీరం ఎలా ఉంటుందో ఆ ఒక్క వాక్యం చూపిస్తుంది.

ఇంకోటి. డికెన్స్ 1850లో 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' వారపత్రిక మొదలుపెట్టాడు. ఆ మే నెలలోనే మైకేల్ ఫారడేకి ఉత్తరం రాసి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకిచ్చిన ప్రసంగాల నోట్సు అడిగాడు. ఫారడే ఇచ్చాడు. కొవ్వొత్తి ఎలా మండుతుంది, దాని వెలుగు ఎక్కణ్ణించి వస్తుంది అన్నది ఒక ఇంట్లో కబుర్ల రూపంలో ఆగస్టులో ఆ పత్రికలో అచ్చయింది. ఫారడే సొంత పుస్తకం 1861లో గానీ రాలేదు. నవలాకారుడి వారపత్రిక ముందు, శాస్త్రవేత్త పుస్తకం తర్వాత. సెమినార్‌కి ఇది ఒక్కటే సరిపోతుంది నిజానికి.

వేపచెట్టు · శనివారం రాత్రి 10:15

వృత్తిరీత్యా డాక్టర్ని, సాహిత్యం రాత్రిపూట. 'బ్లీక్ హౌస్' ఎత్తారు కాబట్టి క్రూక్ సంగతి కూడా చెప్పాలి. ఆ నవలలో ఒక తాగుబోతు తనంతట తనే మండి మసి అయిపోతాడు. విమర్శకుడు జార్జ్ హెన్రీ లూయిస్ వెంటనే 'లీడర్' పత్రికలో, ఇది అసంభవం, లీబిగ్ లాంటి రసాయన శాస్త్రవేత్తలు కొట్టిపారేసిన మూఢనమ్మకం అని రాశాడు. డికెన్స్ తగ్గలేదు. 1853 ముందుమాటలో సుమారు 30 కేసులు నమోదై ఉన్నాయని ఎదురు వాదించాడు. సైన్సు పరంగా లూయిస్‌దే ఒప్పు. మనిషి ఒంట్లో నీళ్లే ఎక్కువ, ఎంత తాగినా అలా అంటుకోదు. నాకు నచ్చేది ఏమిటంటే, ఒక నవలలోని చావు శాస్త్రీయంగా సాధ్యమా కాదా అని పత్రికల్లో గట్టిగా కొట్లాడుకున్నారు! పాఠకులు నవలని అంత బాధ్యతగల వస్తువుగా చూశారన్నమాట.

ఆ లూయిస్ జీవిత సహచరి నవలాకారిణి జార్జ్ ఎలియట్. ఇద్దరూ 1856లో ఇల్‌ఫ్రకూంబ్ సముద్రతీరంలో రాళ్ల సందుల్లో జీవుల్ని ఏరుకుంటూ గడిపారు, అక్కణ్ణించే లూయిస్ 'సీ-సైడ్ స్టడీస్' పుట్టింది. ఎలియట్ 'మిడిల్‌మార్చ్' 1871-72లో వచ్చింది. కథాకాలం మాత్రం 1829-32. ఈ నలభై ఏళ్ల దూరం చాలా తెలివైన ఏర్పాటు.

లిడ్‌గేట్ అనే యువ డాక్టరు. పారిస్‌లో చదివాడు, ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త బిషాకి భక్తుడు. శరీరం మొత్తం కొన్ని టిష్యూలతో కట్టి ఉందని బిషా చెప్పాడు కదా, ఆ టిష్యూలన్నిటికీ మూలమైన టిష్యూ ఒకటి ఉండాలి, అదేమిటో తనే కనిపెడతానని లిడ్‌గేట్ పట్టుదల. ఇక్కడ ఎలియట్ ఒక చిన్న మాట అంటుంది: ప్రశ్నని అతను వేసిన తీరు, ఎదురుచూస్తున్న జవాబుకి కావలసిన తీరులో లేదు. అంతే, ముందుకెళ్లిపోతుంది. 1838-39లో ష్లైడెన్, ష్వాన్ కణ సిద్ధాంతం వచ్చింది. మూలం కణంలో ఉంది, టిష్యూలో లేదు. 1871 పాఠకుడికి అది తెలుసు, 1829లో ఉన్న లిడ్‌గేట్‌కి తెలియదు. ఒక మంచి బుర్ర తప్పు ప్రశ్న పట్టుకుని జీవితం పెట్టబోతోందని మనకి తెలిసి చదువుతాం. నేను చదివిన ఏ మెడికల్ హిస్టరీ పుస్తకమూ పరిశోధన ఎలా ఉంటుందో ఇంత బాగా చెప్పలేదు.

ఇంకా, మందులు తనే అమ్మను, మందుల షాపు నుంచి కమిషన్ తీసుకోను అంటాడు. దాంతో ఊళ్లో డాక్టర్లందరికీ కంటగింపు అవుతాడు, పేషెంట్లకీ అనుమానమే. చివరికి డబ్బున్న రోగులకి వైద్యం చేస్తూ, కీళ్లవాతం మీద పుస్తకం రాసి, యాభైకే పోతాడు. ఈ భాగం చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది. మా బ్యాచ్‌లో ఇలాంటివాళ్లని చూశాను.

నీలిసిరా · ఆదివారం ఉదయం 8:40

వేపచెట్టు గారు రాసింది చదివాక 'మిడిల్‌మార్చ్' మళ్లీ తీశాను. కానీ ఒకే గదిలో కూర్చున్నాయి అనే మాటకి నా అభ్యంతరం అలాగే ఉంది. డార్విన్ ఆత్మకథ చూడండి. ముప్ఫై ఏళ్ల దాకా కవిత్వమంటే ప్రాణం, మిల్టన్, షెల్లీ, వర్డ్స్‌వర్త్ చదివాను అంటాడు. తర్వాత ఒక్క పాదం కూడా ఓర్చుకోలేకపోయానని, షేక్‌స్పియర్ చదవబోతే వికారం పుట్టిందని రాశాడు. తన బుర్ర కుప్పల కొద్దీ వివరాల్లోంచి సాధారణ సూత్రాలు పిండే యంత్రంలా మారిపోయిందని బాధపడ్డాడు. మళ్లీ బతికే అవకాశం వస్తే వారానికి ఒక్కసారైనా కొంత కవిత్వం, కొంత సంగీతం నియమంగా పెట్టుకుంటానన్నాడు. సైన్సు ఆయన దగ్గర ఏం తీసుకుందో ఆయనే చెప్పాడు.

అచ్చుయంత్రం · ఆదివారం ఉదయం 10:02

అదే పేరాలో నవలల గురించి ఏమన్నాడో కూడా చూడాలి. నవలలు ఏళ్ల తరబడి తనకి గొప్ప ఊరట అంటాడు, ఇంట్లోవాళ్లు రోజూ చదివి వినిపించేవారు. విషాదాంతం కాకుండా చట్టం చెయ్యాలని కూడా కోరాడు! సాహిత్యం ఆయన ఇంట్లోంచి బయటికి పోలేదు.

పోనీ ఇష్టాయిష్టాలు వదిలి, రాసిన పుస్తకం చూద్దాం. బీగిల్ ప్రయాణంలో ఓడ దిగి తిరిగేటప్పుడు ఒక్క పుస్తకమే వెంట తీసుకెళ్లే వీలుంటే ఆయన ఎంచుకున్నది మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్'. 'ఆరిజిన్' చివరి పేరాలో చిక్కుగా అల్లుకున్న గట్టు ఒకటి చూపిస్తాడు: పొదల్లో పాడే పిట్టలు, ఎగిరే పురుగులు, తడిమట్టిలో పాకే వానపాములు, ఇవన్నీ ఒకే నియమాలతో తయారయ్యాయి అంటూ. ఆ పేరాకి లయ ఉంది, ఊపు ఉంది. మనుగడ కోసం పోరాటం అనే మాటని విశాలమైన అర్థంలో, రూపకంగా వాడుతున్నానని పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. రూపకం లేకుండా ఆ సిద్ధాంతాన్ని ఆయన పాఠకుడికి చేర్చగలిగేవాడా? నేను చేర్చలేడనే అంటాను.

కృష్ణాతీరం · ఆదివారం మధ్యాహ్నం 12:30

ఇంతసేపూ లండన్‌లోనే తిరుగుతున్నాం. మాది గుంటూరు, అందుకని ఇది చెప్పకుండా ఉండలేను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి చూశాడు. బ్రిటిష్ సైనికాధికారి టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. గ్రహణం వేళ సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌లో (వెలుగుని రంగు గీతలుగా విడదీసే పరికరం) చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు అనిపించింది. మర్నాడు గుంటూరు ఎండలోనే చూసి చూపించాడు. అక్కడ ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అదే పద్ధతిని విడిగా కనిపెట్టి అక్టోబరులో చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి, ఇద్దరి బొమ్మలతోనూ ఫ్రాన్సు ఒక పతకం వేసింది. సూర్యుడి వెలుగులో కనిపించిన ఒక పసుపు గీత భూమ్మీద అప్పటికి తెలిసిన దేనికీ చెందదని తేలి, హీలియం అనే పేరు వచ్చింది. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే దాన్ని భూమ్మీద పట్టుకున్నాడు.

దీనికీ సాహిత్యానికీ ఏం సంబంధం అంటారా? ఆ లాక్యరే 1869 నవంబరు 4న 'నేచర్' పత్రిక మొదలుపెట్టాడు. దాని మొదటి పేజీ మీద వర్డ్స్‌వర్త్ పాదం ఉండేది. మొదటి సంచికలో మొదటి రచన గోథే ప్రకృతి గురించి చెప్పిన మాటలు, అనువదించింది జీవశాస్త్రవేత్త టి. హెచ్. హక్స్‌లీ. ప్రపంచంలోకెల్లా పేరున్న సైన్సు పత్రిక ఇద్దరు కవుల్ని ముందు పెట్టుకుని బయల్దేరింది. లాక్యర్ టెన్నిసన్‌కి స్నేహితుడు. 1910లో కూతురితో కలిసి టెన్నిసన్ కవిత్వంలోని ప్రకృతి విజ్ఞానం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. ఈ కథల్లో మన నేలలు పరిశోధనకి చోటుగా మాత్రమే వస్తాయి. వృక్షశాస్త్రవేత్త హుకర్ హిమాలయాల్లో మొక్కలు సేకరించి రాసిన పుస్తకం డార్విన్‌కి అంకితం. ఆ మొక్కలు మోసిన కూలీల పేర్లు మనకి తెలియవు. గుంటూరులో ఆ డేరాలు ఎవరు వేశారో, నీళ్లు ఎవరు తెచ్చారో ఎవరైనా రాస్తే బాగుండును. విక్టోరియా కాలపు సైన్సు గురించి మాట్లాడినప్పుడు ఈ సంగతి ఫుట్‌నోట్‌లోకి పోకూడదు.

శిలాక్షరం · ఆదివారం మధ్యాహ్నం 3:15

కృష్ణాతీరం గారూ, చాలా మంచి పోస్టు. దానికి కొనసాగింపుగా ఒక్క మాట. అదే కాలంలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఒక చేత్తో 'రాజశేఖర చరిత్రము' (1878), ఇంకో చేత్తో జంతువుల గురించి, శరీరశాస్త్రం గురించి, జ్యోతిశ్శాస్త్రం గురించి తెలుగు పుస్తకాలు రాశారు. నవల రాసే మనిషే సైన్సు పాఠమూ రాయడం ఇక్కడ కూడా సహజంగానే జరిగింది. దీని మీద విడిగా ఒక చర్చ పెట్టాలి.

వేపచెట్టు · ఆదివారం రాత్రి 9:20

నవలాకారుడు థామస్ హార్డీ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేం? 'ఎ పెయిర్ ఆఫ్ బ్లూ ఐస్' (1873)లో నైట్ అనే పాత్ర సముద్రం ఒడ్డున కొండ అంచు నుంచి జారి, చేతుల మీద వేలాడుతుంటాడు. ముఖానికి ఎదురుగా రాతిలో ఒక ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన సముద్రజీవి) శిలాజం. రాయిగా మారిన దాని కళ్లు అతన్నే చూస్తున్నాయి. కోట్ల ఏళ్ల ఎడం ఉన్న ఇద్దరూ చావు దగ్గర కలుసుకున్నారని హార్డీ అంటాడు. నైట్ భూగర్భశాస్త్రం తెలిసినవాడు కాబట్టి, ఆ కొద్ది నిమిషాల్లో జీవచరిత్ర మొత్తం వెనక్కి తిరుగుతూ అతని బుర్రలో కదులుతుంది. నీలిసిరా గారూ, సైన్సు మాటలిచ్చింది, అంతే అన్నారు కదా. ఇక్కడ ఆ చదువు లేకపోతే ఆ భయమే ఆ రూపంలో ఉండదు. అతనికి అది రాతి మీద గీతలా కనిపించి ఉండేది.

అదే ట్రైలోబైట్‌ని 1885లో మే కెండల్ అనే యువకవయిత్రి 'పంచ్' పత్రికలో మాట్లాడించింది. దాని పక్కన నిలబడితే మనిషి తెలివి, తత్త్వం, పరిణామంలో పైమెట్టు అనే గర్వం అన్నీ చిన్నబోతాయి. కాన్‌స్టన్స్ నేడన్ అనే ఇంకొకావిడ బర్మింగ్‌హామ్ మేసన్ కాలేజీలో సైన్సు చదువుకుంటూ పరిణామవాదం మీద, ప్రేమ మీద కలిపి హాస్య పద్యాలు రాసింది. ఈ ఇద్దరి పేర్లూ మన సిలబస్‌లలో కనపడవు. కనపడాలి.

నీలిసిరా · ఆదివారం రాత్రి 10:44

నైట్ విషయంలో మీ మాట బలంగా ఉంది. హార్డీకి ఒప్పుకుంటాను, టెన్నిసన్‌కి మాత్రం ఒప్పుకోను.

మేసన్ కాలేజీ అన్నారు కాబట్టి ఒకటి చేరుస్తాను. 1880లో ఆ కాలేజీ ప్రారంభంలోనే హక్స్‌లీ, సైన్సు చదువుతోనూ సంస్కారం వస్తుంది, గ్రీకు, లాటిన్ లేకపోయినా ఫర్వాలేదని వాదించాడు. 1882లో కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నల్డ్ కేంబ్రిడ్జిలో జవాబిచ్చాడు: వాస్తవాలు తెలుసుకున్నాక, ఎలా బతకాలి, ఏది అందం అన్న ప్రశ్నలతో వాటిని ముడివెయ్యాలి కదా, ఆ పని సాహిత్యం చేస్తుంది. ఇద్దరూ మర్యాదస్తులు, స్నేహితులు. కానీ గది రెండు గదులు కావడం అక్కడ మొదలైంది. మన ఇంటర్‌లో ఎంపీసీ, హెచ్ఈసీ అని విడగొట్టడం దాని వారసత్వమే.

శిలాక్షరం · సోమవారం ఉదయం 6:55

ఆ హక్స్‌లీయే 1892లో టెన్నిసన్ అంత్యక్రియలకి వెస్ట్‌మినిస్టర్ ఆబీకి వెళ్లి, తిరిగొచ్చి ఆయన మీద పద్యం రాశాడు. ప్రాచీన రోమన్ కవి లుక్రీషియస్ తర్వాత, సైన్సు ఎటు పోతోందో అర్థం చేసుకునే శ్రమ తీసుకున్న కవి టెన్నిసన్ ఒక్కడే అని ఆయన అభిప్రాయం. గదులు రెండైనా తలుపు తెరిచే ఉంది నీలిసిరా గారూ. హెచ్ఈసీ మాట మీద విడిగా పోట్లాడుకుందాం.

పావురాయి · సోమవారం ఉదయం 8:30

అందరికీ చాలా థ్యాంక్స్. నాకు ఇరవై నిమిషాలే ఇస్తారు. ఇన్నిటిలో ఏది తీసుకోను? ఇద్దరు ముగ్గురు రచయితల్ని కలిపితే గందరగోళం అవుతుందేమో.

శిలాక్షరం · సోమవారం ఉదయం 9:12

ఒక్కటే తీసుకో. 'ఇన్ మెమోరియమ్' 55, 56 ఖండికలు, లయెల్ రెండో సంపుటంలో జాతులు అంతరించడం గురించిన అధ్యాయాలు. రెండూ కాపీరైటు లేనివే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు పద్యాలు రెండూ బయటికి చదువు, తర్వాతే లయెల్ తెరువు. కవి ఎక్కడ లయెల్‌తో నడిచాడో, ఎక్కడ వదిలేశాడో పెన్సిల్‌తో గీసుకో. మొదటి స్లైడ్ మీద 1833, 1850, 1859, ఈ మూడు ఏళ్లు పెద్ద అక్షరాల్లో పెట్టు. నీలిసిరా గారు అన్నట్టు భయం కవిదే కావచ్చు అనే వాదాన్ని కూడా రెండు నిమిషాలు చెప్పు, ఎందుకంటే ఎగ్జామినర్ అడిగేది అదే.

వేపచెట్టు · సోమవారం ఉదయం 9:40

సెమినార్ అయ్యాక 'మిడిల్‌మార్చ్' 15వ అధ్యాయం. లిడ్‌గేట్ అక్కడే ఉంటాడు.